ఎర్ర బల్బు చేసే రెండో పని

గిద్దలూరు దాటి, దిగువమెట్ట మీదుగా నల్లమల ఎక్కితే గాజులపల్లె దిగేదాకా రాత్రిపూట కారులో మనకు రెండే వెలుగులు. ఒకటి రోడ్డు మీద పడేది, రెండోది మీటరు బోర్డులోది. అంబాసిడర్ విషయంలో ఆ రెండోదాన్ని వెలుగు అనడం మొహమాటమే. ఆరబోయే అగ్గిపుల్లపాటి పసుపు. స్పీడు ముల్లు నలభై మీదుందో అరవై మీదుందో తెలియాలంటే డ్రైవరు ముందుకు వంగి చూసుకోవాల్సిందే.

కంభం వాళ్లకు ఈ ఘాట్ విహారయాత్ర దారి కాదు. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా కంభం, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోనే ఉండేవి. కలెక్టరు దగ్గర పనైనా, జిల్లా కోర్టులో వాయిదా అయినా ఈ కొండ దాటిపోవాలి. ఆ తర్వాత పనులు ఒంగోలు వైపు మళ్లాయి. 1972లో జిల్లాకు ప్రకాశం పేరు వచ్చింది. అయినా నంద్యాల చుట్టరికాలు, మహానంది మొక్కులు ఎటూ పోలేదు. బాడుగ అంబాసిడర్లూ పోలేదు.

అలాంటి కారొకటి కంభంలో నా మిత్రుడి ఇంటి ముందు ఇప్పటికీ ఉంది. వాళ్ల నాన్న నడిపిన బండి. డైనమో తీసేసి ఎప్పుడో ఆల్టర్నేటర్ బిగించారు. పోయినేడు మావాడికి మీటరు బోర్డు మీద మనసు పడింది. పాత గుండు బల్బులన్నీ పీకి ఎల్ఈడీలు పెట్టాడు. చెప్పుకోడానికి చిన్న పనే. వేళ్లకు మాత్రం నరకం. మీటరు వెనక్కి చెయ్యి దూర్చాలి, స్పీడోమీటరు కేబుల్ మర విప్పాలి, హోల్డరును తడిమి పట్టుకుని లాగాలి. ఎల్ఈడీకి ప్లస్సు, మైనస్సు ఉంటాయి. తిరగేసి పెడితే వెలగదు. నాలుగింట్లో రెండు వెలగలేదు, తిప్పి పెట్టాడు. సాయంత్రానికి బోర్డు పెళ్లిపందిరైంది.

మూడోనాడు పొద్దున బండి స్టార్టు కాలేదు. బ్యాటరీ దిగిపోయింది. ఛార్జి చేయించి తెస్తే రెండు రోజుల్లో మళ్లీ అదే కథ. ఆల్టర్నేటర్ కాలిపోయిందని ఒకరు, బ్యాటరీకి ఆయుష్షు తీరిందని ఇంకొకరు. చివరికి కార్ల వైరింగులోనే జుట్టు నెరిసిన పెద్దాయన ఒకరు బానెట్టు కూడా ఎత్తకుండా బోర్డు వైపు చూసి అడిగారు: “ఏంది నాయనా, ఎర్ర బల్బు గూడా మార్చినారా?”

మార్చాడు. తప్పు అక్కడే ఉంది.

తాళం తిప్పగానే వెలిగి, ఇంజన్ అందుకోగానే ఆరిపోయే ఆ ఎర్ర బల్బును మనం హెచ్చరిక దీపం అనుకుంటాం. నిజమే, కానీ దానికి రెండో పని కూడా ఉంది. బోరింగుకు మొదట చెంబెడు నీళ్లు పోస్తేగాని నీళ్లు అందుకోవు కదా, ఆల్టర్నేటర్ కూడా అంతే. లోపలి చుట్టకు బ్యాటరీ నుంచి మొదట కాస్త కరెంటు అందితే అయస్కాంతమై తిరుగుతూ కరెంటు పుట్టిస్తుంది. చాలా పాత బండ్లలో ఆ చెంబెడు నీళ్లు పోయేది ఈ బల్బు గుండానే. 12 వోల్టుల మీద 2.2 వాట్ల బల్బు అంటే దాదాపు 180 మిల్లీ ఆంపియర్లు. దాని చోట పెట్టిన ఎల్ఈడీ పోనిచ్చేది ఇరవయ్యో ఎంతో. ఆ కాస్తతో చుట్ట మేలుకోదు. యాక్సిలరేటరు గట్టిగా తొక్కితే పాత అయస్కాంతపు వాసనతో ఒక్కోసారి అందుకుంటుంది. బజార్లో మెల్లగా తిరిగే కారుకు అంత తొక్కుడు ఎక్కడిది?

పొదుపు చేయడమే ఇక్కడ నేరమైంది. అసలు ఎల్ఈడీ కథంతా కొసరు కరెంటుతో వెలుగు రాబట్టే కథ. అది మొదలైంది సానరాయి దగ్గర. 1907లో మార్కోనీ కంపెనీ ఇంజనీరు హెన్రీ రౌండ్ కార్బోరండమ్ స్ఫటికానికి తీగలు ఆనించి కరెంటు పంపితే పసుపుగా మెరిసింది. కత్తులకు సానపట్టే రాళ్లలో వాడే పదార్థమే అది. రౌండ్ చిన్న ఉత్తరం ప్రచురించి ఊరుకున్నాడు. 1920లలో రష్యాలో ఓలెగ్ లోసెవ్ ఆ మెరుపును పట్టుకుని ఏళ్ల తరబడి పరిశోధించాడు. 1942లో లెనిన్‌గ్రాడ్ ముట్టడిలో తిండి లేక చనిపోయాడు. కంటికి కనిపించే ఎర్రటి ఎల్ఈడీని 1962లో జనరల్ ఎలక్ట్రిక్‌లో నిక్ హోలోన్యాక్ చేసి చూపించాడు. అప్పటికి మన అంబాసిడర్ పుట్టి ఐదేళ్లే.

ఎరుపు వచ్చింది, పసుపు వచ్చింది. నీలం మాత్రం ముప్పై ఏళ్లు ఏడిపించింది. నీలం లేనిదే తెలుపు లేదు. గాలియం నైట్రైడ్‌ను స్ఫటికంగా పెంచడంలో జపాన్‌లో అకసాకి, అమానో దారి వేశారు. నిచియా అనే చిన్న కంపెనీలో షూజి నకమురా 1993లో ధగధగలాడే నీలం ఎల్ఈడీ తెచ్చాడు. దాని మీద పసుపు ఫాస్ఫర్ పూస్తే తెలుపు. మావాడు మీటరు వెనక తిప్పి పెట్టింది ఆ తెలుపునే. ముగ్గురికీ నోబెల్ ప్రకటించింది 2014 అక్టోబరులో. ఉత్తరపారలో అంబాసిడర్ల తయారీ ఆగిపోయింది అదే ఏడాది మే నెలలో. ఒక వెలుగుకు సన్మానం జరిగిన ఏడే దాని ముందుతరం వెలుగును మోసిన బండికి వీడ్కోలు! చరిత్ర ఇలాంటి చోద్యాలు అప్పుడప్పుడూ చేస్తుంది.

ఆ వెంటనే, 2015 జనవరిలో, దేశమంతటా ఇళ్లకు చవగ్గా ఎల్ఈడీ బల్బులిచ్చే ఉజాలా పథకం మొదలైంది. వసారాలో గుండు బల్బు పోయాక కారులో మాత్రం ఎందుకుండాలన్న ఆలోచన అలా వచ్చిందే. తప్పు కూడా కాదు. పాత బల్బుల వేడికి మీటరు వెనక ప్లాస్టిక్కు గోధుమరంగుకు తిరుగుతుంది, అద్దం మసకబారుతుంది. ఎల్ఈడీకి ఆ బాధ లేదు.

నా పేచీ తెలుపుతోనే. చీకట్లో చూసే రాడ్ కణాలకు నీలం, పచ్చ కలిసిన కాంతి అంటే మహా చురుకు, ఎరుపు అంటే దాదాపు పట్టదు. చీకటికి అలవాటుపడ్డ కంటికి నీలం ఎక్కువగా ఉన్న తెలుపు తగిలితే ఆ అలవాటు చెడుతుంది. మళ్లీ కుదురుకోవడానికి నిమిషాలు పడుతుంది. విమానాల కాక్‌పిట్లలో ఒకప్పుడు ఎర్ర దీపాలు పెట్టుకున్నది అందుకే. బజార్లో ఎంత వెలుగైనా ఫరవాలేదు. దిగువమెట్ట మలుపులో, రోడ్డు పక్క నిలబడ్డ దుప్పి కళ్లు మెరుస్తాయా లేదా అని వెతుకుతున్నప్పుడు మాత్రం మీటరు బోర్డు పెళ్లిపందిరి కాకూడదు. పైగా పాత డిమ్మర్ మీటతో ఈ ఎల్ఈడీలు సరిగా తగ్గవు. అవి లాగే కరెంటు బాగా తక్కువ కాబట్టి ఆ మీట దగ్గర వోల్టు పెద్దగా పడిపోదు.

ఇక ఆ ఎర్ర బల్బు సంగతి. మరమ్మతుకు రెండు దారులున్నాయన్నారు పెద్దాయన. ఎల్ఈడీ ఉంచి దానికి సమాంతరంగా 68 ఓమ్‌ల రెసిస్టరు కట్టడం ఒకటి. దాని గుండా దాదాపు పాత బల్బు పోనిచ్చినంత కరెంటే పోతుంది. కాకపోతే రెండు వాట్లకు పైగా వేడి పుడుతుంది కాబట్టి ఐదు వాట్ల రెసిస్టరు వేయాలి, ప్లాస్టిక్కుకు తగలకుండా కట్టాలి. రెండోది సులువు. పెద్దాయన డ్రాయరు లాగి, పాత సిగరెట్ డబ్బాలోంచి ఒక గుండు బల్బు తీసి, చొక్కా అంచుతో తుడిచారు.

మావాడు మిగతా ఎల్ఈడీలకు పాత బోర్డులోంచి దాచుకున్న పసుపు టోపీలు తొడిగాడు. ఇప్పుడు తాళం తిప్పితే ఆ పసుపు మసక మధ్య ముందుగా వెలిగేది ఆ ఎర్ర బల్బే. ఇంజన్ అందుకున్నాక ఆరిపోతుంది.