సొంత పాట: ఒక క్యాసెట్టు చరిత్ర

సంగీత చరిత్ర అనగానే మన గ్రంథాలు వాగ్గేయకారులతో మొదలై ఆస్థాన విద్వాంసులతో ముగుస్తాయి. పాట ఎవరు కట్టారో అవి చెబుతాయి. ఆ పాటను డబ్బిచ్చి ఇంటికి తెచ్చుకొనే స్తోమత ఏ వర్గానికి ఎప్పుడు కలిగిందో మాత్రం చెప్పవు. ఈ రెండవ ప్రశ్న చిన్నదేమీ కాదు. దానికి సాక్ష్యంగా ఒక చిన్న వస్తువును తీసుకొంటున్నాను. అది 1990ల చివర, యాడికిలో మా ఇంటికి వచ్చిన మొదటి క్యాసెట్టు.

యాడికి అనంతపురం జిల్లాలో తాడిపత్రికి సమీపాన ఉన్నది. వానను నమ్ముకొని వేరుసెనగ వేసే మెట్టనేల ఒకవైపు, మగ్గాలు ఒకవైపు. మాది మగ్గం ఇల్లు. పడుగూ పేకా షావుకారువి, కూలి మాది. నాయన గుంటమగ్గంలో దిగితే అమ్మా నేనూ కండెలు చుట్టేవాళ్ళం. మా ఇంట పాట లేకపోలేదు. జేజి రాగులు విసురుతూ పాడేది. శ్రీరామనవమికి వీధిలో చెక్కభజన ఉండేది. అయితే ఆ పాటలు ఎవరి సొత్తూ కావు. పాడేవారు పాడినంతసేపే ఉండేవి. కువైట్ నుంచి తిరిగివచ్చిన బంధువు వద్ద పాత టేపురికార్డరు కొన్నాక, నాయన తాడిపత్రిలో ఒక అంగడికి పోయి, హరిశ్చంద్ర నాటకంలోని కాటిసీను పద్యాలను ఖాళీ క్యాసెట్టుకు ఎక్కించుకొని వచ్చాడు. అట్టమీద నీలిసిరాతో ‘హరిచంద్ర’ అని మాత్రమే రాసి ఉన్నది.

ఆ క్యాసెట్టు మా గడప తొక్కడానికి దాదాపు నూరేళ్ళు పట్టింది. మన దేశంలో పాట సరుకుగా మారడం 1902లో మొదలయిందని చెప్పవచ్చు. ఆ సంవత్సరం గ్రామఫోన్ కంపెనీ కలకత్తాలో గౌహర్‌జాన్ గానాన్ని రికార్డు చేసింది. 1908లో అక్కడే కర్మాగారం పెట్టింది. ఆ నల్లని ప్లేటుకు ముడిసరుకు లక్క. ఛోటానాగపూర్ వంటి అడవి ప్రాంతాలలో ఆదివాసులు కొమ్మలనుంచి గీచి తెచ్చిన లక్కమీద పాట ముద్రపడేది. దానిని వినిపించే యంత్రం మాత్రం జమీందారు మేడలోనో ప్లీడరు ఇంటిలోనో ఉండేది.

ఆ ప్లేటుకు పక్కకు మూడు నిమిషాల చిల్లరే పట్టేది. రాత్రంతా ఆడే నాటకం అందులో ఇమడదు, పద్యం ఇముడుతుంది. తెలుగు నాటకంలో పద్యగానానికి పెద్దపీట వేసిన బళ్ళారి నాటకకర్త ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912). ఆయన మేనల్లుడు, తాడిపత్రిలో పుట్టిన బళ్ళారి రాఘవ (1880–1946), రంగస్థలంమీద రాగాల సాగదీతను వ్యతిరేకించాడు. నటనాదృష్టితో చూస్తే రాఘవ వాదమే సబబు. కాని సరుకు తర్కం పద్యం పక్షాన నిలిచింది. నాటకంనుంచి విడివడిన పద్యం ప్లేటుగా అమ్ముడుపోయింది.

తరువాత 1948లో విజయవాడకు, 1963లో కడపకు ఆకాశవాణి కేంద్రాలు వచ్చినవి. రేడియో పాట అందరిదీ. అయినా అది వినిపించినప్పుడే వినాలి. అదే 1963లో ఫిలిప్స్ కంపెనీ యూరపులో క్యాసెట్టును ప్రవేశపెట్టింది. మన పల్లెలకు అది చేరడానికి మరో ఇరవై ఏళ్ళు పట్టింది. అరచేతిలో ఇమిడే పెట్టె, పక్కకు ముప్పై నిమిషాల పాట. అన్నిటికంటె ముఖ్యంగా, నకలు తీయడానికి కర్మాగారం అక్కరలేదు. గ్రామఫోన్ కంపెనీ గుత్తాధిపత్యాన్ని దెబ్బతీసింది ఈ గుణమే.

మగ్గం చప్పుడు నడుమ ఆ పద్యాలు ఎన్ని వందలసార్లు విన్నామో లెక్కలేదు. కరెంటు పొదుపుకోసం నేను పెన్సిలు గుచ్చి టేపును వెనక్కు తిప్పేవాణ్ణి. కండె చుట్టిన చేతికి ఆ పని కొత్తగాదు. టేపు చిక్కుపడితే అమ్మ పడుగుదారం విడదీసినట్టే విడదీసేది.

ఒకనాడు అడిగాను: “ఈ పద్యాలు ఎవురు రాసినారు నాయనా?”

“హరిశ్చంద్రుడు పాడతాండాడు గదరా, ఇంకెవురు రాస్తారు!”

ఎమ్మే చదివే రోజులలో అసలు సంగతి తెలిసింది. ఆ గొంతు డి.వి. సుబ్బారావుది. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం సత్యహరిశ్చంద్రీయము. నా గుండెను పట్టిన శ్మశాన పద్యాలు మాత్రం ఆయనవి కావు. గుర్రం జాషువా (1895–1971) విడిగా రాసిన వాటిని నటులు కాటిసీనులో చేర్చి పాడుతూ వచ్చారు. రాజునూ పేదనూ చావు ఒక్కచోటికి చేరుస్తుందని చెప్పినవాడు, బ్రతికినన్నాళ్ళూ అంటరానితనం చవిచూసిన కవి. ఆ పద్యాలకు కన్నీరు పెట్టిన అనేక గ్రామాలలో శ్మశానాలు నేటికీ కులానికొకటిగానే ఉన్నాయి. పద్యాన్ని ఇంటికి తెచ్చుకొన్న సమాజం పద్యకర్తను గడపవద్దనే నిలబెట్టింది.

అంగడివాడు నకలు తీయకుంటే పేదవానికి పాట దక్కేదా అని కొందరు వాదిస్తారు. అది నిజమే, మా ఇల్లే సాక్షి. కాని ఆ నకలులో గాయకునికీ, హార్మోనిస్టుకూ, కవికీ పైసా ముట్టలేదన్నది కూడ నిజమే. 1984లో కాపీరైటు చట్టాన్ని సవరించి శిక్షలు పెంచారు. నకళ్ళు మాత్రం ఆగలేదు. కేవలం చట్టంతో తేలే సమస్య కాదిది. పాటను శ్రమఫలంగా గుర్తించని చోట, కొనేవాడూ అమ్మేవాడూ ఇద్దరూ దాన్ని గాలిలోంచి వచ్చిందనే అనుకొంటారు.

జాషువా సంగతి నాయనకు చెప్పాను. ఆయన నాడెను ఆపి, కొంచెంసేపు ఊరుకొని అన్నాడు: “మనం నేసిన చీరెమింద మన పేరు ఉంటాదారా?”

ఆ మాటకు నా పాఠ్యగ్రంథాలలో సమాధానం దొరకలేదు. నీలిసిరా వెలిసిపోయిన అట్టమీద ఆ రోజు నేను జాషువా పేరు రాశాను. దాని కింద పాడినవాని పేరు రాశాను. టేపు ఇప్పుడు పలకదు. అట్ట మాత్రం నా బల్లమీద ఉన్నది.

మన విద్యార్థుల ఇళ్ళలో ఇటువంటి క్యాసెట్లు అటకలమీద ఇంకా పడి ఉన్నాయి. వాటిని దింపి, ఆ గొంతు ఎవరిదో, ఆ మాట ఎవరిదో, డప్పు ఎవరు కొట్టారో ఊరి పెద్దలను అడిగి రాసిపెట్టవలసి ఉన్నది. చెప్పగలవారు ఏటేటా తగ్గిపోతున్నారు. ప్రజల సంగీత చరిత్రకు మొదటి అధ్యాయం అక్కడే మొదలవుతుంది.