తహశీల్దారు

అరబ్బీలో ‘తహసీల్’ అంటే రాబట్టడం, వసూలు చేయడం. దానికి పారసీ ‘దార్’ చేరి తహశీల్దారు అయింది. మన రైతుల నోట వినిపించే ‘మహసూలు’ కూడా ఆ ధాతువు నుంచి పుట్టిందే.

నేలకొండపల్లి కంచర్ల గోపన్నకు పాల్వంచ పరగణాలో ఈ కొలువు దక్కింది మేనమామల చలవతోనని చెబుతారు. ఆ మేనమామలు అక్కన్న, మాదన్నలు. గోల్కొండ సుల్తాను తానీషా కొలువులో మాదన్నే ప్రధానమంత్రి. శిస్తు సొమ్ముతో భద్రాద్రిలో గుడి కట్టించినందుకు మేనల్లుడు గోల్కొండ చెరసాల పాలయ్యాడంటారు. 1686లో మామలిద్దరూ హత్యకు గురయ్యారు. మరుసటి ఏడే గోల్కొండ మొగలుల వశమైంది. వసూలు చేయాల్సిన కొలువులో ఉండి, దేవుడికి ఇచ్చినవాడిగా గోపన్న జనానికి గుర్తుండిపోవడం నాకెంతో ఇష్టమైన సంగతి.

1985లో మండలాలు వచ్చాక ‘ఎమ్మార్వో’ అన్న మాట ‘తహశీల్దారు’ను పక్కకు నెట్టింది. తరువాత తహశీల్దారే మళ్లీ బోర్డుకెక్కాడు.