సంస్థానాలు పోయాయి, కోటలు మిగిలాయి

కృష్ణా, తుంగభద్రల నడుమనున్న నడిగడ్డకు గద్వాల కోట ఆనవాలు. సోమనాద్రిగా పేరుపడ్డ పెద సోమభూపాలుడు కట్టించిన ఆ కోటలో చెన్నకేశవస్వామి కొలువై ఉన్నాడు. కవి పండితుల్ని ఆదరించి ‘విద్వద్గద్వాల’ అనిపించుకున్న సంస్థానం అది. 1949లో హైదరాబాద్ రాష్ట్రంలో జాగీర్లు రద్దయ్యాక ఇలాంటి కోటలకు, మహళ్లకు దిక్కెవరన్న ప్రశ్న వచ్చింది.

గద్వాలలో, మరో సంస్థానమైన వనపర్తిలో చదువే ఆ దిక్కయింది. మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరిట వెలసిన డిగ్రీ కళాశాలకు గద్వాల కోట చోటిచ్చింది. వనపర్తి రాజమహల్ 1959లో పాలిటెక్నిక్ అయింది. మనుషులు మసలే కట్టడం త్వరగా పాడుపడదు. అయితే వాడుక ఒక్కటే చాలదు. గదులు చాలనప్పుడు పాత గోడ కూల్చవచ్చా, బురుజును ఆనుకుని దుకాణం లేపవచ్చా అన్నది చెప్పడానికి ఒక నియమం ఉండాలి.

నియమం, పూనిక రెండూ ఉంటే ఏం సాధ్యమో శ్రీశైలం జలాశయం నిండిన రోజులు చూపించాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి అలంపురంలో తిరిగి నిలబెట్టారు. నాగర్‌కర్నూల్ జిల్లాలోని సోమశిల, జటప్రోలు ఆలయాలూ అలాగే ముంపు తప్పించుకుని మెరకకు చేరాయి.

కేంద్రం రక్షిత కట్టడాలుగా ప్రకటించిన వాటికి 1958 నాటి చట్టం అండగా ఉంది. 2010 సవరణతో వాటి చుట్టూ 100 మీటర్ల లోపు కొత్త కట్టుబడి నిషిద్ధం. ఆపైన మరో 200 మీటర్ల వరకు అనుమతి తప్పనిసరి. బాదామి చాళుక్యుల నాటి అలంపురం నవబ్రహ్మ ఆలయాలకు ఆ రక్షణ ఉంది. ఆ జాబితాకెక్కని ఊరి గడీలు, దర్వాజాలు, పాత వీధుల సంగతి స్థానిక నిబంధనలే చూసుకోవాలి.

అలాంటి స్థానిక నిబంధన కావాలన్న ఎరుక న్యూయార్క్‌కు ఆలస్యంగా కలిగింది. 1963లో అక్కడి పెన్ రైల్వే స్టేషన్ కూల్చివేత మొదలయ్యాక జనం భగ్గుమన్నారు; 1965లో చారిత్రక కట్టడాల రక్షణ చట్టం వచ్చింది. హైదరాబాద్‌లో 1995లో 13వ జోనింగ్ నిబంధన వారసత్వ భవనాల కూల్చివేతకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేసింది. 2015లో దాన్ని తొలగించారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. ఎర్రమంజిల్ భవనాన్ని కూల్చి శాసనసభ కట్టాలన్న మంత్రివర్గ నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టివేసింది. నియమం కాగితం మీద ఉండబట్టే పౌరులు కోర్టు తలుపు తట్టగలిగారు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఇప్పుడు జిల్లా కేంద్రాలు. రోడ్లు వెడల్పవుతాయి, స్థలాల ధరలు పెరుగుతాయి. పాత గోడ అడ్డుగా కనబడే కాలం ఇదే. అందుకే ఈ మూడు పురపాలక సంఘాలు తమ పరిధిలోని పాత కట్టడాల జాబితాను ఇప్పుడే రాయించాలి, వాటి చుట్టుపక్కల ఎంత ఎత్తు కట్టవచ్చో మాస్టర్ ప్లాన్‌లోనే తేల్చాలి. ఆ పని చేయమని తమ వార్డు సభ్యులను అడగవలసింది ఆ ఊళ్ల ప్రజలే.