కొండ ఎక్కేవారి మజిలీ

వేసవి సెలవులకు టిక్కెట్లు కొన్న మరునాటినుండి మిర్కాబ్‌లోని మన తెలుగు ఇండ్లలో ఒక వాదము మొదలవుతుంది. తిరుమలకు మెట్లదారిన నడిచి వెళ్ళాలన్న విషయంలో అందరిదీ ఒకటే మాట. ముందురోజు రాత్రి ఎక్కడ దిగాలన్న దగ్గరనే పేచీ. పెద్దవాళ్ళు "కింద తిరుపతిలో దిగుదాము" అంటారు. ఇక్కడ పుట్టి పెరిగినవారు "పైన గది తీసుకుంటే పోదా, ఎప్పుడు చేరితే అప్పుడే పడుకోవచ్చును" అంటారు. చిన్న విషయమే అయినా దీని వెనుక చాలా చరిత్ర ఉన్నది. ఆ చరిత్ర చూసినకొద్దీ నేను పెద్దల పక్షమే అవుతున్నాను.

ముందు మాట సంగతి. మన సాయంకాలపు తెలుగు తరగతిలో 'మజిలీ' అన్న పదము వచ్చినప్పుడు పిల్లలకు అర్థము చెప్పవలసిన పని పెద్దగా లేకపోయింది. అది అరబ్బీ 'మన్జిల్' నుండి మనకు వచ్చినదే. ఇక్కడ ఆ మాటకు ఇల్లు అని వాడుక. దాని ధాతువుకు 'దిగుట' అని అర్థము. ఒంటె దిగి బస చేసే చోటు మన్జిల్. మనమూ "ఊళ్ళో ఎక్కడ దిగినారు?" అనే కదా అడుగుతాము! రెండు భాషలవారికీ ఒకే ఆలోచన తోచినది. మిర్కాబ్ అన్న పేరుకు కావలి కాచే చోటు, చుట్టూ పారజూచే చోటు అని అర్థము. కువైటులో చెప్పుకోదగిన ఎత్తు ముత్లా గుట్టల వరుస. అది కూడా 150 మీటర్లకు మించదు. దాని దగ్గరనే జహ్రా ఉన్నది. నీళ్ళూ, ఖర్జూరపు తోటలూ ఉన్న ఊరది. ఎడారి బాటసారులు దిగినది జహ్రాలో, గుట్టమీద కాదు. చూడటానికి ఎత్తు కావాలి, దిగటానికి నీళ్ళు కావాలి.

మనవారి లెక్కా ఇదే. ఏనుగుల వీరాస్వామయ్యగారు మదరాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరినారు. ఆయన రాసిన 'కాశీయాత్ర చరిత్ర' 1838లో అచ్చయింది. భక్తి కోసము చదివేవారు చదవవచ్చును గాని, నాకు అందులో మహా ఇష్టమైనది మజిలీల వర్ణన. ఊరు ఎంతటిది, నీళ్ళు మంచివేనా, అంగళ్ళున్నవా, దిగటానికి స్థలమున్నదా అని ప్రతి మజిలీ దగ్గరా రాస్తూ పోతారు. పల్లకీలూ డేరాలూ పెద్ద పరివారమూ వెంట ఉన్న మనిషికి కూడా రాత్రి బస సంగతి అంత ముఖ్యము.

ఆయన శ్రీశైలము వెళ్ళినది ఆత్మకూరు మీదుగా. అప్పటికి ఆ సీమ కందనూరు నవాబు ఏలుబడిలో ఉండేది. ఆత్మకూరు దాటితే నల్లమల అడవి. ఆ దారిలో మజిలీలు నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను. చివరి రెండు పేర్లు చూడండి, ఒకటి చెరువు, ఒకటి కొలను. కొండదారిలో మజిలీని నిర్ణయించినది మనిషి కాదు, నీరు. అన్నమూ అంగళ్ళూ కావలసినవారు కొండకు ఇవతలి ఊళ్ళోనే అన్నీ సమకూర్చుకోవాలి. ఆపైన మోయగలిగినదే సొంతము.

ఆ దారులకు మెట్లు వేయించటము కూడా రాజులకు కీర్తినిచ్చిన పని. 14వ శతాబ్దంలో రెడ్డిరాజ్యము స్థాపించిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ సోపానాలు కట్టించినాడు. అనవేమారెడ్డి 1377లో శ్రీశైలంలో వీరశిరోమంటపము కట్టించినాడు. ఈనాడు ఆ అడవి పులుల అభయారణ్యము. శివరాత్రికీ ఉగాదికీ అటవీశాఖ అనుమతిచ్చే రోజుల్లో యాత్రికులు వేలాదిగా ఆ పాతదారినే నడుస్తారు. తక్కిన రోజుల్లో పోరాదు.

తిరుమల సంగతి వేరు. అది ఒక్క పూటలో ఎక్కగల కొండ. అలిపిరి దారి సుమారు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. శ్రీనివాస మంగాపురం దగ్గరి శ్రీవారి మెట్టు దారి 2 కిలోమీటర్లు పైచిలుకు, 2,388 మెట్లు. పొట్టిదే గాని నిట్రము. 1843 నుండి 1933 వరకు దేవస్థానము హాథీరాంజీ మఠము మహంతుల చేతిలో ఉండేది. అప్పట్లో పైకి నడకో డోలీయో తప్ప వేరే దారి లేదు. కనుక దిగువ తిరుపతిలో సత్రంలో దిగటము, చీకటితో లేచి ఎక్కటము, దారి మంటపాల్లో చెమట ఆర్చుకోవటము, ఇదీ క్రమము. మోకాళ్ళ పర్వతము చేరేసరికి ఎండ ముదరకూడదు. అది తెలిసి పెట్టుకున్న ఏర్పాటు.

1944లో మొదటి ఘాటు రోడ్డు పడింది. 1974లో రెండవది వచ్చి, ఎక్కే దారీ దిగే దారీ వేరయినవి. బస్సులతోపాటు బరువులూ పైకి పోయినవి. పైన కాటేజీలు లేచినవి. పైన దిగటము సులభమయ్యాక, నడక మొక్కుబడి ఉన్నవారికి మాత్రమే మిగిలింది. రోడ్డును నేను తప్పుపట్టను. రోడ్డు లేకపోతే మన అమ్మమ్మలలో చాలామందికి దర్శనమే లేదు.

కొండమీదనే కాపురము పెట్టి అక్కడినుండి నడవటము మనకు దొరల నుండి వచ్చిన అలవాటు. మదనపల్లె దగ్గర ఏనుగు మల్లమ్మ కొండ ఉన్నది. 1860ల దశకంలో కడప కలెక్టరు హార్స్లీ వేసవి వేడికి తాళలేక ఆ కొండమీద ఇల్లు కట్టించుకున్నాడు. (చిత్తూరు జిల్లా 1911లో గాని ఏర్పడలేదు, మదనపల్లె అప్పుడు కడప జిల్లాలోనిదే.) నాలుగు వేల అడుగుల పైన చల్లగా నిద్రపోయి, పొద్దున్నే చెట్లనీడలో తిరగటము ఆయన పద్ధతి. మల్లమ్మ పేరు పోయి హార్స్లీ కొండలయినవి. రాయచోటి, మదనపల్లె వైపు బంధువులున్న మన కుటుంబాలకు అది సెలవుల్లో మంచి విడిది. అక్కడ పైన దిగటమే సబబు, ఎందుకంటే అక్కడ పని చల్లగాలిది. తిరుమలలో పని ఎక్కటము. రెండు కొండలకూ ఒకే లెక్క పనికిరాదు.

మన పిల్లలకు కొండ అలవాటు లేదు. లిఫ్టులో పెరిగిన కాళ్ళు. విమానము దిగి, మదరాసునుండి మూడు నాలుగు గంటలు కారులో కూర్చుని, ఆ సాయంత్రమే మెట్లు మొదలుపెట్టి చీకట్లో పైన గది చేరుదామనేవారు ఒక్క సంగతి తలచుకోవాలి. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిరుతపులి ఒక పసిబిడ్డను బలిగొన్నది. ఆ తరువాత పన్నెండేండ్లలోపు పిల్లలను మధ్యాహ్నము రెండు గంటలు దాటాక నడకదారిలోకి పంపరాదని దేవస్థానము నిర్ణయించింది. ఇటువంటి నిబంధనలు మారుతుంటవి గనుక వెళ్ళేముందు కనుక్కోవాలి. సత్రంలో పడుకొని తెల్లవారుజామున లేచే పాత క్రమానికి మాత్రము ఏ నిబంధనా అడ్డము కాదు.

కింద దిగటానికి ఇప్పుడు సత్రాలే వెదకనక్కర లేదు. బస్టాండు ఎదుట శ్రీనివాసము, రైల్వేస్టేషను ఎదుట విష్ణునివాసము దేవస్థానమువారివే. ముందుగా గది తీసుకోవాలి. ఒక రాత్రి అక్కడ నిద్రపోయి, తెల్లవారి పలుచని ఫలహారముతో బయలుదేరండి. బరువు సామాను అలిపిరిలో అప్పగిస్తే వారే పైకి చేరుస్తారు. రశీదు మాత్రము పెద్దవాళ్ళ చేతిలో ఉండనివ్వండి.