నొప్పికి రుజువు: టెనెస్సీ గుర్రాల ప్రదర్శనల్లో సోరింగ్

అమెరికాలోని టెనెస్సీ రాష్ట్రంలో షెల్బీవిల్ అనే చిన్న పట్టణం ఉంది. 'టెనెస్సీ వాకింగ్ హార్స్' జాతి గుర్రాలకు అక్కడ 1939లో మొదలైన జాతీయ ప్రదర్శన ఏటా వేసవి చివర జరుగుతుంది. ఆ రంగంలో అందరూ దాన్ని 'సెలెబ్రేషన్' అనే పిలుస్తారు. 2006లో ఆ వేడుక ప్రపంచ గ్రాండ్ చాంపియన్ లేకుండానే ముగిసింది. తుది పోటీకి వచ్చిన గుర్రాల్లో ఎక్కువ వాటిని తనిఖీలో పక్కన పెట్టడంతో ఆ పోటీనే రద్దు చేశారు. కారణం సోరింగ్. అంటే గుర్రం నడక మారడానికి కావాలనే దాని ముందు కాళ్లకు నొప్పి పుట్టించడం.

ఈ జాతి నడక సహజంగానే హాయిగా ఉంటుంది. కుదుపు తక్కువ కాబట్టి గంటల తరబడి స్వారీ చేయవచ్చు. కానీ పోటీల్లో చప్పట్లు కొట్టించుకున్నది ఆ నడక కాదు. ముందు కాళ్లను ఛాతీ ఎత్తుకు విసురుతూ, బరువంతా వెనక కాళ్ల మీద మోపి సాగే 'బిగ్ లిక్' నడక. దీనికోసం లాడానికీ గిట్టకూ మధ్య ఎత్తయిన ప్యాడ్లు పొరలుగా పేర్చి బిగిస్తారు. గిట్టకు పైనుండే సన్నటి భాగానికి గొలుసులు తొడుగుతారు. ఇంతవరకూ నియమాలు ఒప్పుకుంటాయి, గొలుసు బరువు 6 ఔన్సులు దాటకుంటే చాలు. అడ్డదారి పట్టినవాళ్లు గొలుసు తగిలేచోట ఆవనూనె, కిరోసిన్, డీజిల్ లాంటివి పూసి, ప్లాస్టిక్ చుట్టి ఉంచుతారు. చర్మం లోలోపల కాలుతుంది. ఆ పుండు మీద అడుగడుగునా గొలుసు కొట్టుకుంటుంటే గుర్రం కాలిని నేలకు ఆనించలేక పైకి విసురుతుంది. మరికొందరు గిట్టను పచ్చి తేలేదాకా చెక్కి లాడం బిగిస్తారు. చూడ్డానికి పుండేమీ ఉండదు, నొప్పి మాత్రం ఉంటుంది.

సెనేటర్ జోసెఫ్ టైడింగ్స్ చొరవతో 1970లో వచ్చిన హార్స్ ప్రొటెక్షన్ చట్టం సోరింగ్ చేసిన గుర్రాన్ని ప్రదర్శించడం, అమ్మడం నేరమని చెప్పింది. అరవై, డెబ్భై ఏళ్ల కిందటి అలవాటు చట్టం వచ్చిన ఇన్నేళ్లకూ ఎందుకు పోలేదు? ఈ విషయం మీద పోగైన ఆధారాలను చదివితే చిక్కంతా రుజువు దగ్గరే ఉందని నాకు అనిపిస్తుంది.

గుర్రం నోరు విప్పి చెప్పలేదు. కాబట్టి తనిఖీ చేసేవాళ్లు దాని కాలిని బొటనవేలితో నొక్కి చూస్తారు. ఉలిక్కిపడి కాలు లాక్కుంటే అనుమానిస్తారు. రెండు ముందు కాళ్లలోనూ అసహజమైన సున్నితత్వం ఉంటే సోరింగ్ జరిగినట్టే భావించవచ్చని చట్టం చెబుతోంది. ఈ నొక్కుడు పరీక్ష ఒక్కటే చాలునా అన్న ప్రశ్నకు 1995లో రెండు అప్పీళ్ల కోర్టులు రెండు రకాలుగా జవాబిచ్చాయి. ఆరో సర్క్యూట్ చాలునంది, ఐదో సర్క్యూట్ నమ్మలేమంది. శిక్ష వేయాలంటే గట్టి రుజువు అడగడం తప్పు కాదు. కానీ ఆ రుజువును చెరిపేయడం నేర్చినవాళ్లున్న రంగం ఇది. తనిఖీకి ముందు కాలు మొద్దుబారే మందు పూస్తారు. మచ్చలు పోవడానికి సాలిసిలిక్ ఆమ్లం వాడతారు. అన్నిటికంటే బాధాకరమైనది 'స్టీవార్డింగ్'. శిక్షణశాలలోనే ఉత్తుత్తి తనిఖీ పెట్టి, కాలు కదిపిన గుర్రాన్ని కొడతారు. నొప్పి చూపిస్తే అంతకంటే పెద్ద దెబ్బ తగులుతుందని అది నేర్చుకుంటుంది, అసలు తనిఖీలో నిశ్చలంగా నిలబడుతుంది.

ఇవి ఊహలు కావు. జంతు సంక్షేమ సంస్థ హ్యూమేన్ సొసైటీ 2011లో రహస్యంగా చిత్రీకరించిన దృశ్యాలు 2012 మేలో టీవీలో ప్రసారమయ్యాయి. పేరున్న శిక్షకుడు జాకీ మెకానెల్ శిక్షణశాలలో గుర్రాల కాళ్లకు రసాయనాలు పూయడం, వాటిని కొట్టడం అందులో కనిపించాయి. ఆయన ఫెడరల్ కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. మూడేళ్ల ప్రొబేషన్, 75,000 డాలర్ల జరిమానా పడ్డాయి.

ఒక్క శిక్షణశాలను చూసి రంగమంతా ఇంతే అనడం న్యాయం కాదు. అందుకే 2010లో అమెరికా వ్యవసాయ శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ ఇచ్చిన ఆడిట్ నివేదిక నాకు ఎక్కువ విలువైనదిగా కనిపిస్తుంది. 1976 సవరణ తర్వాత తనిఖీ బాధ్యత చాలావరకు ప్రదర్శనల రంగం నియమించుకునే ఇన్‌స్పెక్టర్ల చేతికి వెళ్లింది. వాళ్లలో కొందరు తామూ గుర్రాలను పోటీకి తెచ్చేవాళ్లే. ప్రభుత్వ పశువైద్యులు హాజరైనవి 6 శాతం ప్రదర్శనలు మాత్రమే. అయినా ఈ ఇన్‌స్పెక్టర్లు రాసిన మొత్తం ఉల్లంఘనల్లో 49 శాతం ఆ ప్రదర్శనల్లో నమోదైనవే. ఈ అంకెను జాగ్రత్తగా చదవాలి. ప్రభుత్వ వైద్యులు పెద్ద ప్రదర్శనలకో, అనుమానం ఉన్నచోటికో ఎక్కువగా వెళ్లి ఉంటే తేడాలో కొంత భాగం దానివల్ల రావచ్చు. కానీ 6కూ 49కీ మధ్య ఉన్న దూరాన్ని ఆ ఒక్క కారణం పూడుస్తుందని నేననుకోను. పక్కన ఒకరు చూస్తున్నప్పుడే కళ్లు తెరిచే తనిఖీ అది. ఆ పద్ధతినే ఎత్తేయాలని ఆడిట్ సిఫారసు చేసింది. 2021లో అమెరికా శాస్త్ర సలహా సంస్థ నేషనల్ అకాడమీస్ నియమించిన నిపుణుల సంఘం కూడా తనిఖీని పశువైద్యులకే అప్పగించాలంది. నొక్కి చూసే పరీక్షను సరిగ్గా చేస్తే నమ్మదగినదేనని కూడా చెప్పింది.

రంగం తరఫు వాదనకూ ఒక శాస్త్రీయ ఆధారం ఉంది. 1978 నుంచి 1982 వరకు ఆబర్న్ విశ్వవిద్యాలయంలో జరిగిన పరీక్షల్లో 6 ఔన్సుల వరకు బరువున్న గొలుసుల వల్ల గాయాలు కాలేదు, 10 ఔన్సుల గొలుసులతో అయ్యాయి. నియమంలోని 6 ఔన్సుల హద్దుకు బలం ఇక్కడినుంచే వచ్చింది. అయితే ఆ పరీక్షలు కొద్ది వారాలవి. ఏళ్ల తరబడి సాగే శిక్షణకు వాటి ఫలితాన్ని అన్వయించలేం. పైగా తేలిక గొలుసు మామూలు చర్మాన్ని గాయపరచదన్న మాట నిజమే అయినా, ముందే పుండైన చర్మం మీద అది ఏం చేస్తుందన్న ప్రశ్నకు జవాబు కాదు. అమెరికా పశువైద్యుల సంఘం, గుర్రాల వైద్యుల సంఘం 2012లో గొలుసులనూ ప్యాడ్లనూ నిషేధించాలని కోరాయి.

ఇంకో మాట మరవకూడదు. ఈ జాతి గుర్రాల్లో ఎక్కువ భాగం బిగ్ లిక్ పోటీల ముఖమే చూడవు. మామూలు లాడాలతో, సహజ నడకతో స్వారీకి వెళ్తాయి. వాటి యజమానులను ఈ నేరంలో కలపకూడదు.

వ్యవసాయ శాఖ 2024లో ఈ జాతికి ప్యాడ్లనూ గొలుసులనూ నిషేధిస్తూ, రంగం నియమించుకునే ఇన్‌స్పెక్టర్ల పద్ధతిని తీసేస్తూ కొత్త నియమావళి తెచ్చింది. అమలు కాకముందే, 2025 జనవరి 31న టెక్సాస్‌లోని ఫెడరల్ కోర్టు ప్యాడ్లు, గొలుసుల మీద నిషేధంతో సహా ముఖ్యమైన భాగాలను కొట్టేసింది. నొప్పి పుట్టించని పరికరాన్ని నిషేధించే అధికారం చట్టం శాఖకు ఇవ్వలేదన్నది కోర్టు అభిప్రాయం. చట్టం అక్షరాలను బట్టి అది పట్టించుకోవలసిన వాదనే. అలాగైతే ఆ అధికారాన్ని ఇవ్వవలసింది కాంగ్రెసే. అందుకోసం తెచ్చిన పాస్ట్ బిల్లుకు ప్రతినిధుల సభ 2019లో 333–96 ఓట్లతో, 2022లో 304–111 ఓట్లతో ఆమోదం తెలిపింది. ఆ రెండుసార్లూ సెనేట్ దాన్ని ఓటింగుకే తేలేదు.