యూనిట్ 7: రేడియోధార్మికత నుంచి ప్లాస్మా వరకు – అయనీకరణ శోధకాల చరిత్ర

7.1 పరిచయం

వాయు క్రొమటోగ్రఫీలో మిశ్రమంలోని అనుఘటకాలను కాలమ్ వేరుచేస్తుందని గత యూనిట్‌లో చదివారు. అయితే వేరుపడినదాన్ని గుర్తించే సాధనం లేకపోతే ఆ శ్రమ అంతా వృథాయే. ఆ సాధనమే శోధకం. 1952లో జేమ్స్, మార్టిన్ వాయు-ద్రవ క్రొమటోగ్రఫీని ప్రకటించినప్పుడు, కాలమ్ నుంచి వెలువడిన కొవ్వు ఆమ్లాలను టైట్రేషన్ ద్వారానే కొలిచారు. అంతకంటే సూక్ష్మంగా కొలిచే మార్గం ఎలా దొరికిందో ఇప్పుడు తెలుసుకొందాం.

7.2 రేడియోధార్మిక శోధకాలు

లండన్‌లోని మిల్ హిల్‌లో, మార్టిన్ పనిచేసిన వైద్య పరిశోధన సంస్థలోనే జేమ్స్ లవ్‌లాక్ కూడా ఉండేవారు. కణాలు గడ్డకట్టినప్పుడు వాటి పొరలు ఎందుకు దెబ్బతింటాయో ఆయన పరిశీలిస్తున్నారు. పొరలలోని కొవ్వు ఆమ్లాలను విశ్లేషించాలి. దొరికిన నమూనా చాలా స్వల్పం. ఆ అవసరంలోంచి 1958లో ఆర్గాన్ శోధకం వచ్చింది.

దాని సూత్రం గమనించండి. రేడియోధార్మిక మూలం నుంచి వచ్చే బీటా కణాలు, విద్యుత్ క్షేత్రం కలిసి ఆర్గాన్ పరమాణువులను ఉత్తేజపరుస్తాయి. వాటిలో సుమారు 11.6 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి నిలిచి ఉంటుంది. కర్బన అణువు తగలగానే ఆ శక్తి దానికి బదిలీ అయి, అది అయనీకరణం చెందుతుంది. విద్యుత్ ప్రవాహం పెరుగుతుంది. నైట్రోజన్‌కు 15.6 ఎలక్ట్రాన్ వోల్టులు అవసరం కాబట్టి ఈ శోధకం దాన్ని గుర్తించలేదు.

లవ్‌లాక్ రూపొందించిన ఎలక్ట్రాన్ గ్రాహక శోధకం ఇందుకు విరుద్ధం. హాలోజన్ సమ్మేళనాలు ఎలక్ట్రాన్లను లాక్కోవడంతో ప్రవాహం తగ్గుతుంది. డిడిటి వంటి పురుగుమందుల అవశేషాలను ఇది అతి తక్కువ పరిమాణంలోనూ పట్టుకొంది.

7.3 కొలత, నిర్ణయం

1971–72లో లవ్‌లాక్ ఈ శోధకాన్ని షాకిల్టన్ అనే నౌకలో తీసుకువెళ్లి, అట్లాంటిక్ మీది గాలిలో క్లోరోఫ్లోరోకార్బన్లను కొలిచారు. అవి లక్ష కోట్ల భాగాలకు కొన్ని పదుల భాగాలు మాత్రమే. 1973లో ఫలితాలను ప్రచురిస్తూ, వీటివల్ల ప్రమాదం లేదని ఆయన రాశారు. మరుసటి ఏడాదే మొలీనా, రౌలండ్‌లు ఈ వాయువులు ఓజోన్ పొరను క్షీణింపజేయగలవని వివరించారు. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. కొలత సరైనదే, దాని నుంచి తీసిన నిర్ణయం తప్పింది. ప్రయోగశాలలో అడుగుపెట్టే ప్రతి విద్యార్థీ ఈ తేడాను మరవకూడదు.

7.4 ప్లాస్మా ఎందుకు?

రేడియోధార్మిక మూలాన్ని స్విచ్ కట్టి ఆపలేం. నికెల్-63 అర్ధాయువు సుమారు 100 సంవత్సరాలు. అనుమతులు, లీకు పరీక్షలు, చివరికి భద్రంగా పారవేయడం తప్పవు. అందుకే హీలియంలో విద్యుదుత్సర్గం ద్వారా ప్లాస్మాను సృష్టించే ప్రయత్నాలు సాగాయి. నిరంతర ఉత్సర్గంలో ఎలక్ట్రోడ్లు అరిగిపోయేవి, సంకేతం నిలకడగా ఉండేది కాదు. 1990లలో హ్యూస్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన వెంట్‌వర్త్, ఆయన సహచరులు ఉత్సర్గాన్ని చిన్నచిన్న స్పందనలుగా ఇచ్చి ఈ చిక్కును చాలావరకు తీర్చారు. తరువాత వచ్చిన అవరోధ ఉత్సర్గ శోధకంలో విద్యుద్బంధక పొర అడ్డుగా ఉంటుంది. ఎలక్ట్రోడ్లు ప్లాస్మాను తాకవు.

స్పందన ఉత్సర్గంలో హీలియం వెలువరించే ఫోటాన్ల శక్తి సుమారు 13.5 నుంచి 17.7 ఎలక్ట్రాన్ వోల్టులు. జ్వాలా అయనీకరణ శోధకానికి కనిపించని నీరు, ఆక్సిజన్, నైట్రోజన్, కార్బన్ డయాక్సైడ్ దీనికి కనిపిస్తాయి. నియాన్‌కు 21.6 కావాలి కనుక అది తప్పించుకుంటుంది. అయితే ఒక హెచ్చరిక: అన్నింటినీ చూసే శోధకం హీలియంలోని మలినాలను, గొట్టాల లీకులను కూడా చూస్తుంది. కాబట్టి అతి శుద్ధమైన హీలియం తప్పనిసరి.

7.5 సారాంశం

శోధకాల చరిత్ర అంటే అణువుకు ఎంత శక్తి, ఏ మూలం నుంచి అందించాలన్న ప్రశ్నకు దొరికిన సమాధానాల చరిత్రే. ప్లాస్మా ఆ మూలాన్ని మన అదుపులోకి తెచ్చింది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. ఆర్గాన్ శోధకం నైట్రోజన్‌ను ఎందుకు గుర్తించలేదు?
2. రేడియోధార్మిక మూలం కంటే ప్లాస్మా ఏ విధంగా మేలు? దాని పరిమితి ఏమిటి?