కదురూ కవ్వమూ

పొందూరు అనగానే ఎవరైనా మొదట అడిగేది పంచె గురించే. అక్కినేని నాగేశ్వరరావుగారు కట్టుకున్న పంచె కదండీ అంటారు. అవును, ఆయన ఇష్టపడి కట్టారు, ఆ అంచుకి ఆయన పేరే నిలిచిపోయింది. తరవాత గాంధీగారి పేరు వస్తుంది. ఇంకాస్త ఓపిక ఉన్నవాళ్ళు మగ్గం గురించి అడుగుతారు. కట్టినవారి ముచ్చట, మెచ్చినవారి ముచ్చట, నేసినవారి ముచ్చట అయ్యేసరికి కాఫీ కూడా అయిపోతుంది. నూలు దాకా ఎవరూ రారు.

నేను ఈ ఊరికి కోడలిగా వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. మా అత్తగారు నూలు వడికేవారు. వంటింటికి ఆనుకుని ఉన్న వసారాలో గోడవారగా ఆవిడ రాట్నం ఉండేది. పొందూరు ఖద్దరు చరిత్రని ఆ వసారా నుంచి చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఎందుకంటే ఆ బట్ట నిలబడింది వసారాల వల్లే. అది వసారాలో జరిగే పని కాబట్టే దాన్ని పనిగా ఎవరూ లెక్కపెట్టలేదు కూడా.

చదివింది తెలుగు బి.ఎ. కాబట్టి ముందు మాటల దగ్గర ఆగనివ్వండి. కదురూ కవ్వమూ ఆడిన ఇంట కరువుండదని మన సామెత. కదురు అంటే రాట్నానికుండే ఇనప పుల్ల, నూలు చుట్టుకునేది. కవ్వం మీకు తెలిసిందే. రెండూ ఆడవాళ్ళ చేతుల్లో తిరిగేవే. ఒకటి బట్టకి, ఒకటి తిండికి. నాగలినీ మగ్గాన్నీ వదిలి కరువుకి అడ్డంగా ఈ రెంటినీ నిలబెట్టిన సామెత ఎవరు కట్టారో గానీ, ఇల్లు గడిపిన మనిషే అయి ఉండాలి. ‘ఏకు మేకై కూర్చుంది’ అని రోజూ అంటూనే ఉంటాం. ఏకు అంటే వడకడానికి సిద్ధం చేసిన మెత్తటి దూది వత్తి అని మా పిల్లలకి నేను చెప్తే గాని తెలియలేదు. పడుగు పేకల్లా కలిసిపోయారంటాం. వస్తువులు ఇళ్ళలోంచి వెళ్ళిపోయాయి, మాటలు మాత్రం ఉండిపోయాయి.

ఇంగ్లిషువాళ్ళు చికాకోల్ అని రాసుకున్న శ్రీకాకుళం ఒకప్పుడు సన్నటి మస్లిన్లకి పేరుపడ్డ ఊరు. పంతొమ్మిదో శతాబ్దంలో మిల్లు నూలు వచ్చి పడింది. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. చేనేత చచ్చిపోయిందని మనం ఒక్క మాటలో అనేస్తాం గానీ, మిల్లు దెబ్బ ముందు తగిలింది నేసేవాళ్ళకి కాదు, వడికేవాళ్ళకి. మిల్లు నూలు కొనుక్కుని నేతగాడు మగ్గం నడుపుకోగలిగాడు. రాట్నం తిప్పే మనిషికి ఆ దారి లేదు. ఇళ్ళల్లో వడికే ఆడవాళ్ళు ఊరూరా ఒక్కొక్కరే మానేశారు. ఎవరి ఇంట్లో వాళ్ళు మానేస్తే ఆ సంగతి ఊరికెలా తెలుస్తుంది?

మరి పొందూరులో ఎందుకు మిగిలింది? నాకు తోచిన కారణం పత్తి. ఇక్కడి సన్న నూలు కొండపత్తి, పునాసపత్తి, ఎర్రపత్తి లాంటి నాటు రకాల నుంచి వస్తుంది. వీటి పోగు పొట్టిది. అంత పొట్టి పోగుతో సన్న నూలు తీయడం యంత్రానికి కుదరదు, లాగితే తెగుతుంది. చేతికి కుదురుతుంది. ఎంత లాగాలో, ఎంత పురి పెట్టాలో వేలికి తెలుస్తుంది.

ఆ పని ఎలా జరుగుతుందో కాస్త నెమ్మదిగా చెప్తాను. ముందు, గింజ ఉండగానే పత్తిని దువ్వాలి. దువ్వెన ఏమిటంటే వాలుగ చేప దవడ. నవ్వకండి, నిజంగానే చేప దవడ ఎముక. దానికి సూదుల్లాంటి సన్నటి పళ్ళు వరసగా ఉంటాయి. గోదావరి వైపు నుంచి తెప్పించుకుంటారు. ఒక్కొక్క గింజనీ పట్టుకుని దాని చుట్టూ ఉన్న దూదిని ఆ పళ్ళతో దువ్వితే చెత్తా దుమ్మూ పోయి, పోగులన్నీ ఒక వైపుకి తిరుగుతాయి. మన పిల్లకి చిక్కు తీసి జడ వేసినట్టే. ఇనప దువ్వెనతో చేయొచ్చుగా అని నేను కొత్తలో అడిగాను. పోగు తెగుతుందన్నారు అత్తగారు. తరవాత చెక్క పలక మీద పెట్టి ఇనప ఊచ దొర్లించి గింజ తీస్తారు. తీసిన దూదిని గుల్ల చేసి, చిన్న విల్లు లాంటి దానితో ఏకి, ఏకులు చుడతారు. ఏకు చేతి చెమటకి పాడవకుండా ఎండిన అరటి దొప్పలో పెట్టి పట్టుకుంటారు. అప్పుడు గాని రాట్నం దగ్గరికి రారు. 24 ఆకుల పెద్ద చక్రం, ఒక్కటే కదురు. కుడిచేత్తో చక్రం తిప్పుతూ ఎడమచేత్తో ఏకుని వెనక్కి లాగుతుంటే గాలిలోంచి తీసినట్టు దారం వస్తుంది. పక్కనుంచి చూస్తే ఒక్కోసారి ఆ దారం కనపడదు, చెయ్యి కదలడమే కనిపిస్తుంది.

ఆ నూలు 100 కౌంటు, ఇంకా పైన కూడా ఉంటుంది. కౌంటు అంటే చాలామందికి బిల్లు మీద అంకె. లెక్క ఇదీ: ఒక పౌను బరువు నూలులో 840 గజాల చిలపలు ఎన్ని ఉంటే అన్ని కౌంట్లు. 100 కౌంటంటే పౌనులో 84,000 గజాలు. కిలోమీటరు నూలు 6 గ్రాములైనా తూగదు. ఒక రోజు కాయితం ముందేసుకుని పంచె లెక్క కట్టాను. నాలుగు మీటర్ల పంచె, 50 అంగుళాల పన్నా, అంగుళానికి 80 పోగులు అనుకుంటే పడుగు 16 కిలోమీటర్లు, పేక మరో 16. మొత్తం 32 కిలోమీటర్ల నూలు. దాన్ని పరుచుకుంటూ పొందూరులో బస్సెక్కి శ్రీకాకుళంలో దిగినా ఇంకా మిగులుతుంది. అదంతా ఒక చెయ్యి జానా బెత్తెడుగా లాగింది.

ఎప్పుడు లాగింది? పొయ్యి మీద ఎసరు మరిగేలోపు, పిల్లాడు పడుకున్న గంటలో, మధ్యాహ్నం గిన్నెలు కడిగాక. మా వీధుల్లో సన్న నూలు వడికేవాళ్ళు ఎక్కువగా పట్టుశాలి ఇళ్ళ ఆడవాళ్ళు. వంటకీ నూలుకీ పొత్తూ ఉంది, పేచీ కూడా ఉంది. పొత్తు గంజి దగ్గర. మగ్గానికి ఎక్కే ముందు పడుగుకి అన్నం గంజి పట్టిస్తారు, అది లేకపోతే సన్న పోగు నాడె తాకిడికి నిలబడదు. పేచీ నూనె దగ్గర. నూనె చేత్తో ఏకు ముట్టుకుంటే ఇక అది పనికిరాదు. అందుకని సంక్రాంతి ముందు పిండివంటలు మొదలుపెడితే రాట్నం మీద పాత చీర కప్పేసేవారు అత్తగారు. అరిసెలు, పాకుండలు, జంతికలు, నువ్వులూ బెల్లం కలిపి దంచిన చిమ్మిలి. నాలుగైదు రోజులు ఇల్లంతా పాకం వాసన. అందరికీ పండగే, ఆవిడకి మాత్రం పది చిలపల నష్టం. ఆ బెల్లమూ నువ్వులూ కొన్నది కూడా నూలు డబ్బుతోనే. ఇంట్లో ఎవరూ ఆ సంగతి ఎత్తేవారు కాదు, ఆవిడా ఎత్తేవారు కాదు. నేను ఒకసారి అంటే, “కూకున్నదాన్నే కదమ్మా, అదీ ఒక పనేటి?” అన్నారు.

ఈ మాట ఒక్క పొందూరుదే కాదు. నరసాపురం వైపు ఆడవాళ్ళు ఇళ్ళల్లో కూర్చుని లేసు అల్లుతారు. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని అది, విదేశాలకి వెళ్ళే సరుకు. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు వాళ్ళ గురించి రాసిన పుస్తకం 1982లో వచ్చింది. గంటలకి గంటలు అల్లే ఆ ఆడవాళ్ళని వ్యాపారం ‘గృహిణులు’ అనే అందని, అది తీరిక వేళ పని అని పేరు పెట్టి కూలి తక్కువగా ఉంచగలిగిందని ఆవిడ చూపించారు. ఆ సంగతి తెలిసిన రోజు నాకు మా వసారాయే కళ్ళ ముందు కదిలింది. తీరిక! మన ఇళ్ళల్లో తీరిక ఎవరు చూశారండీ.

గాంధీగారి దగ్గరికి వస్తాను. 1921లో విజయవాడలో కాంగ్రెసు సమావేశం జరిగింది. కోటి రూపాయల నిధి, కోటి మంది సభ్యులు, 20 లక్షల రాట్నాలు అని అక్కడే తీర్మానించారు. స్వరాజ్యం కోసం పెట్టుకున్న మూడు లెక్కల్లో ఒకటి ఆడవాళ్ళ వసారాలో వస్తువు. పొందూరు బట్ట నాణ్యం విని ఆయన తన కొడుకు దేవదాసుని చూసి రమ్మని పంపారని, ఆయన వచ్చి ఇదంతా చేతి పనేనని చూసి మెచ్చుకున్నారని మా ఊళ్ళో అందరూ చెప్తారు. 1925లో అఖిల భారత చరఖా సంఘం పుట్టింది. 1929లో గాంధీగారు ఖద్దరు నిధి కోసం ఆంధ్రదేశమంతా తిరిగారు.

ఇవన్నీ పాఠ్యపుస్తకాల్లో ఉంటాయి. నాకు వీటికన్నా ముఖ్యంగా కనిపించేది 1935. ఖద్దరు చవకగా అమ్మాలని వడికేవాళ్ళకి చాలా తక్కువ కూలి ఇస్తున్నామని ఆయనకే తోచి, వాళ్ళకి బతకడానికి సరిపడే కూలి ఇవ్వాలని పట్టుబట్టారు. 8 గంటల పనికి 8 అణాలుండాలని ఆయన కోరిక. అంత పెంచితే ఖద్దరు ఎవరు కొంటారని సొంత మనుషులే అడిగారు. 8 అణాల దాకా ఎక్కడా వెళ్ళలేదు. పేదవాడికి బట్ట చవకగా ఉండాలన్నది ధర్మమే, కాదనను. కానీ ఆ చవక ఎవరి చేతిలోంచి తగ్గించాలన్న ప్రశ్న అప్పుడే వచ్చింది, ఈరోజుకీ తీరలేదు.

స్వతంత్రం వచ్చాక 1949లో ఇక్కడ ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఏర్పడింది. దాని భవనానికి 1955లో వినోబా భావే శంకుస్థాపన చేశారు. పత్తి ఇచ్చి నూలు తీసుకునే ఏర్పాటు ఒకటి కుదరడం వల్లే వడికేవాళ్ళు నిలబడగలిగారు. తరవాత ఖాదీ కమిషన్, రిబేట్లు, ఎగ్జిబిషన్లు. పంచెలతో పాటు జాందానీ చీరలు కూడా పేరు తెచ్చుకున్నాయి. వేరే చోట్ల అంబర్ చరఖాలు వచ్చి పని తొందరైంది, ఇక్కడి సన్న నూలు మాత్రం ఆ ఒక్క కదురు మీదే ఉంది.

ఇప్పుడు మా వీధిలో రోజంతా వడికినా వచ్చే డబ్బు ఉపాధి హామీ కూలికి అందదు. పొద్దున్నే పైడిభీమవరం వైపు కంపెనీ బస్సులు పోతాయి, అమ్మాయిలు మెళ్ళో కార్డులు వేసుకుని ఎక్కుతారు. నెల తిరిగేసరికి జీతం, దాని మీద వాళ్ళ పేరు. వాళ్ళని తప్పుపట్టే పెద్దవాళ్ళు ఉన్నారు, “మన విద్య పోతోంది” అని. ఆ మాట ఎక్కువగా మగవాళ్ళ నోటే వింటాను. వడికిన ఆడవాళ్ళెవరూ నా దగ్గర అలా అనలేదు. మా ఎదురింటి పిన్నికి అరవై దాటాయి, ఇంకా వడుకుతోంది. కూతురికి నేర్పావా అంటే, “నేర్పితే వొచ్చీసును. నానే వొద్దన్నాను” అంది. మరి నువ్వెందుకు మానవూ అంటే జవాబు చెప్పలేదు. తెగిన పోగుని వేలితో అతికి, చక్రం మళ్ళీ తిప్పింది.

పోయిన వారం ఆవిడే నన్ను పిలిచి, రాజమండ్రిలో మా చెల్లెలి ఇంటికి ఎప్పుడు వెళ్తున్నానని అడిగింది. వాలుగ దవడ పళ్ళు అరిగిపోయాయట. గోదారి గట్టున చేపల వాళ్ళనడిగి రెండు తెమ్మంది.